మలేరియా పరాన్నజీవి గారికి, తమరి భోజనం గురించి

అయ్యా ప్లాస్మోడియం ఫాల్సిపారం గారూ,

మకాం పెట్టడానికి ఎర్ర రక్తకణాన్నే ఎంచుకున్నారు చూడండి, అక్కడే ఉంది మీ తెలివంతా. దానికి కేంద్రకం లేదు, కొత్త ప్రోటీన్లు చేసుకునే శక్తి లేదు. ఉన్నదల్లా ఒళ్లంతా హిమోగ్లోబిన్. మీకు కావలసిందీ అదే.

సైటోస్టోమ్ అనే బుల్లి నోటితో గుక్క గుక్కగా లాగి, ఆమ్లం నిండిన జీర్ణసంచిలో ముక్కలు చేసుకుంటారు. 48 గంటల్లో సగానికి పైగా ఖాళీ! పోనీ, పాపం ఆకలి అనుకుందామా? వచ్చిన ప్రోటీన్ ముక్కల్లో, అంటే అమైనో ఆమ్లాల్లో, వాడుకునేది కొద్దిగానే, మిగతాదంతా బయటికి విసిరేస్తారు. ఒళ్లు పెంచుకోవడానికి చోటు కావాలి, కణం ముందే పగిలిపోకూడదు, అందుకే ఇలా చేస్తున్నారని కొందరు శాస్త్రవేత్తలు మీ తరఫున వకాల్తా కూడా పుచ్చుకున్నారు.

ఇంత మెక్కినా మీకో వెలితి. మా పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం లేదు. ఇరవై రకాల్లో పంతొమ్మిది వడ్డిస్తే, లేని ఆ ఒక్కదాని కోసమే పేచీ! అది బయట ప్లాస్మాలో దొరుకుతుంది కాబట్టి, కణం పొరలో మీ సొంత ప్రోటీన్లతో కొత్త దారులు తెరిచారు. అద్దె కట్టనివాడు ఓనరును అడక్కుండా గోడకు కిటికీ కొట్టించుకున్నట్టు. ఆ దారినే విటమిన్ బి5 కూడా తెప్పించుకుంటున్నారు. పోనీ ఐసోల్యూసిన్ అందకపోతే పీడా పోతుందా అంటే అదీ లేదు. పెరగడం దాదాపు ఆపేసి ముడుచుకుని పడుకుంటారు, అందగానే లేచి కూర్చుంటారు.

డీఎన్ఏకి కావలసిన ప్యూరిన్లు చేసుకోవడం కూడా చేతకాదు. అవీ మా దగ్గరివే.

ఇక చక్కెర. మీరు దూరిన కణం మామూలు కణం కంటే వంద రెట్ల దాకా గ్లూకోజ్ లాగుతుంది. దాన్నైనా పూర్తిగా వాడుకుంటారా? చాలావరకు లాక్టిక్ ఆమ్లంగా మార్చి మా రక్తంలోకే వదిలేస్తారు. జబ్బు ముదిరిన పిల్లల్లో చక్కెర పడిపోవడంలో, రక్తంలో ఆమ్లం పెరగడంలో మీ తిండి వాటా ఉంది. ఈ మాట దగ్గర నాకు వెటకారం రావడం లేదు, ముందుకు వెళ్తాను.

హిమోగ్లోబిన్ తిన్నాక మిగిలే హీమ్, అంటే దానిలోని ఇనుమున్న భాగం, మీకు విషం. దాన్ని ముదురు గోధుమ రంగు స్ఫటికాలుగా గడ్డకట్టించి పక్కన పడేస్తారు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ ఆ రంగు ఆనవాళ్ల వెంట పడే మిమ్మల్ని పట్టుకున్నాడు. తర్వాత క్లోరోక్విన్ అనే మందు వచ్చి ఆ గడ్డకట్టడాన్నే అడ్డుకుంది. మీ ఎంగిలి మీకే విషమైంది. హమ్మయ్య అనుకునేలోపు, జీర్ణసంచి పొరలోని ఒక ప్రోటీన్‌ను కాస్త మార్చుకుని, మందునే బయటికి గెంటేయడం నేర్చేశారు.

ఇన్ని విద్యలు వచ్చు. ఒక్క ఐసోల్యూసిన్ చేసుకోవడం మాత్రం రాలేదు!

ఇట్లు,
మీ చక్కెర సప్లయర్