పది శాతం లెక్కలో నీళ్లు మరిచిపోయాం

ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకి సుమారు పది శాతం శక్తే చేరుతుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. 1942లో లిండెమన్ అనే జీవావరణ శాస్త్రవేత్త అమెరికాలో ఓ చిన్న సరస్సు మీద కట్టిన లెక్కల నుంచి వచ్చిన మాట ఇది. చదివి వినిపిస్తే మా బావమరిది ఒప్పుకోలేదు. "మన ఆకివీడు చెరువులో కేజీన్నర మేతకి కేజీ వనామీ రొయ్య రావట్లేదా బావా?" అన్నాడు. మొదట్లో నాకూ అదే డౌటు.

కిటుకు నీళ్లలో ఉందండి. మేత ఎండుది, రొయ్యలో ముప్పావు వంతు నీరే. ఎండు బరువుతో చూస్తే ఆ కేజీన్నరలో రొయ్య ఒంటికి పట్టేది పావు కేజీ, అంటే ఆరో వంతే. మిగతాదాంట్లో కొంత ఊపిరికీ ఈతకీ ఖర్చయి వేడిగా పోతుంది, అది మళ్లీ రాదు. రెట్ట, విడిచిన పెంకులు, తినని మేత కలిసి అడుగున నల్లబురద అవుతాయి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కూడా ఆక్సిజన్ లాగేస్తాయి. చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గే తెల్లవారుజామున మా టెన్షనూ, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల కరెంటు బిల్లూ అందుకే.

కొరమేనుది ఇంకో మెట్టు పైన, చేపల్ని తినే చేప కదా. తవుడుతో పెరిగే శీలావతి కన్నా దాని ధర ఎక్కువుండటంలో ఈ మెట్టు ఖర్చూ కొంత ఉంది.