ఫిర్యాదు ఎవరి టేబుల్ మీదకు వెళ్తుంది?

2020 ఏప్రిల్ 22న టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వనెస్సా గియెన్ అనే ఇరవై ఏళ్ల సైనికురాలు ఎప్పట్లాగే ఆయుధాల గదికి పనికి వెళ్లింది. ఆ తర్వాత కనబడలేదు. కారు తాళాలు, రూము తాళం, ఐడీ కార్డు, బ్యాంకు కార్డు మాత్రం ఆ గదిలోనే ఉన్నాయి. ఇవన్నీ వదిలేసి ఎవరైనా తమంతట తాము వెళ్లిపోతారా? ఇంట్లోవాళ్లు అదే అడిగారు. హ్యూస్టన్ నుంచి వచ్చి స్థావరం గేటు బయట ఆమె ఫొటోలు పట్టుకుని నిలబడ్డారు. జూన్ 30న లియోన్ నది దగ్గర ఆమె అవశేషాలు దొరికాయి. హంతకుడిగా అనుమానించిన తోటి సైనికుడు, పోలీసులు దగ్గరకు రాగానే తనను తాను కాల్చుకుని చనిపోయాడు.

తనను వేధిస్తున్నారని ఆమె అంతకుముందే తల్లికి చెప్పుకుంది. వేధింపులకు ఆధారాలేమీ లేవని సైన్యం మొదట అంది. 2021 ఏప్రిల్‌లో అదే సైన్యం తన విచారణ నివేదికలో మాట మార్చింది. ఆమెను ఒక పై అధికారి (హత్యతో సంబంధం ఉన్న వ్యక్తి కాదు, వేరొకడు) లైంగికంగా వేధించాడు, ఆ సంగతి యూనిట్‌లో పైవాళ్లకు చేరింది, వాళ్లు ఏమీ చేయలేదు అని ఒప్పుకుంది. 21 మందిపై చర్యలు తీసుకుంది. వేధింపుకూ హత్యకూ లింకు దొరకలేదని కూడా అదే నివేదిక చెప్పింది. సరే. కానీ నన్ను ఇప్పటికీ వదలని విషయం హత్య కాదు, ఆ మధ్యలోని మాట. ‘పైవాళ్లకు చేరింది.’ అంటే ఆమె మాట వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

సైన్యంలో లైంగిక దాడి, వేధింపు ఎదుర్కొన్నవాళ్లకు అండగా నిలవడం అంటే మనకు వెంటనే కౌన్సెలింగ్, హెల్ప్‌లైన్, అవగాహన సదస్సులు గుర్తొస్తాయి. ఫోర్ట్ హుడ్‌లో ఇవన్నీ ఉన్నాయి. ‘షార్ప్’ అని పేరు పెట్టిన ప్రత్యేక కార్యక్రమం ఉంది, గోడల మీద పోస్టర్లు ఉన్నాయి. 2013లో అదే స్థావరంలో షార్ప్ బాధ్యతలు చూసే సార్జెంటే యువ సైనికురాళ్లతో వ్యభిచార ముఠా నడిపించాడని బయటపడింది. 2015లో నేరం ఒప్పుకున్నాడు. కంచే చేను మేసిన కథ. వనెస్సా కనబడకుండా పోవడానికి ఐదేళ్ల ముందే!

ఆమె మరణం తర్వాత వేసిన స్వతంత్ర కమిటీ ఆ స్థావరంలో 503 మంది సైనికురాళ్లతో విడివిడిగా మాట్లాడింది. నమ్మదగిన లైంగిక దాడి ఘటనలు 93 బయటికి వచ్చాయి. అందులో ఫిర్యాదుగా నమోదైనవి 59. మిగతా 34 మంది పోస్టరు చదవలేదా? రోజూ చదివే ఉంటారు. ఫోన్ నంబరు తెలియక ఊరుకోలేదు వాళ్లు. ఫోన్ చేశాక ఏమవుతుందో తెలిసి ఊరుకున్నారు.

ఏమవుతుందో తెలియాలంటే సైన్యంలో కమాండర్ అంటే ఎవరో ఒకసారి చూడాలి. మన ఆఫీసులో బాస్ వేధిస్తే ఇంటికి వచ్చి తలుపు వేసుకోవచ్చు, మరీ తట్టుకోలేకపోతే ఉద్యోగం మానేయొచ్చు. సైనికురాలికి ఆ రెండూ లేవు. రాజీనామా రాసిచ్చి గేటు దాటితే అది పరారీ కేసు. ఆమె పడుకునే గది, సెలవు, పోస్టింగ్, ప్రమోషన్‌కు కావాల్సిన వార్షిక రిపోర్టు అన్నీ కమాండర్ దాకా ఉండే ర్యాంకుల గొలుసులోని వాళ్ల చేతుల్లోనే. గాయమైతే చూసే డాక్టరూ యూనిఫాంలోనే ఉంటాడు. దాడి చేసినవాడు సాధారణంగా అదే యూనిట్‌లో ఒక ర్యాంకు పైన ఉంటాడు. చాలాసార్లు మంచి సైనికుడని పేరున్నవాడే. ఇక ఫిర్యాదు ఎవరికి చేయాలి? వీళ్లందరి మీదా ఉన్న కమాండర్‌కి. తన యూనిట్‌లో ఇలాంటిది జరిగిందని తేలితే మచ్చ పడేది కూడా ఆ కమాండర్ రికార్డుకే. ఇంటి గుట్టు లంకకు చేటు అనే మాట ఏ దేశపు సైన్యానికీ విడిగా నేర్పనక్కర్లేదు.

1991లో లాస్ వెగాస్‌లో జరిగిన టెయిల్‌హుక్ (నేవీ పైలట్ల సంఘం) సమావేశంలో నేవీ పైలట్లు 83 మంది ఆడవాళ్లపై, ఏడుగురు మగవాళ్లపై దాడి చేశారు. అందులో హెలికాప్టర్ పైలట్ పౌలా కాఫ్లిన్ ముందు చెప్పుకున్నది తన బాస్ అయిన అడ్మిరల్‌కే. ఆయన పట్టించుకోలేదు. ఆమె టీవీ కెమెరా ముందుకు వచ్చాకే నేవీ గట్టిగా కదిలింది. కొన్నేళ్లకు ఉద్యోగం వదిలి వెళ్లింది మాత్రం ఆవిడ.

ఇటలీలో అమెరికాకు ఉన్న అవియానో ఎయిర్‌బేస్ ఉదంతం ఇంకా విచిత్రం. ఒక ఫైటర్ పైలట్‌ను 2012 నవంబర్‌లో సైనిక జ్యూరీ లైంగిక దాడి కేసులో దోషిగా తేల్చి ఏడాది జైలు వేసింది. 2013 ఫిబ్రవరిలో ఒక లెఫ్టినెంట్ జనరల్ ఒక్క సంతకంతో ఆ తీర్పును కొట్టేశాడు. పైలట్ మళ్లీ యూనిఫాం వేసుకున్నాడు. ఆ జనరల్ జడ్జి కాదు. విచారణలో కూర్చోలేదు. కానీ కేసును కోర్టు మార్షల్‌కు పంపిన కమాండర్‌కే తీర్పును రద్దు చేసే అధికారం కూడా చట్టం అప్పట్లో ఇచ్చింది. గొడవ పెద్దదై ఆ ఏడాది చివర్లో కాంగ్రెస్ ఆ అధికారానికి కత్తెర వేసింది. అసలు కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం కమాండర్ దగ్గరే ఉండిపోయింది. దాన్ని కూడా తీసేయాలని సెనేటర్ కిర్‌స్టెన్ జిల్లిబ్రాండ్ తెచ్చిన బిల్లుకు 2014 మార్చిలో 55 ఓట్లు వచ్చాయి, 45 వ్యతిరేకం. గట్టెక్కడానికి 60 కావాలి. క్రమశిక్షణ దెబ్బతింటుందని పెంటగాన్ గట్టిగా అడ్డుపడింది. ఎవరి క్రమశిక్షణ అని అడగాల్సింది.

అయితే 1991 తర్వాతి ముప్పై ఏళ్లలో అమెరికా మంచి పనులేమీ చేయలేదంటే అన్యాయం. 2005లో వచ్చిన ‘రెస్ట్రిక్టెడ్ రిపోర్టు’ పద్ధతి నా దృష్టిలో చాలా తెలివైనది. దాడి జరిగిన మనిషి ఫిర్యాదును రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఒకదానిలో దర్యాప్తు మొదలవుతుంది, కమాండర్‌కు తెలుస్తుంది. రెండోదానిలో వైద్యం, కౌన్సెలింగ్ అందుతాయి, ఫోరెన్సిక్ ఆధారాలు పేరు లేకుండా నంబరుతో భద్రపరుస్తారు, దర్యాప్తు ఉండదు. కమాండర్‌కు ఘటన జరిగిందని తెలుస్తుంది కానీ ఎవరికి జరిగిందో తెలియదు. ఆమె మనసు కుదుటపడ్డాక కేసు పెట్టాలనుకుంటే అప్పుడు మార్చుకోవచ్చు. ‘నేరం జరిగితే దర్యాప్తు లేకుండా ఎలా’ అని మనవాళ్లకు అనిపించవచ్చు. నాకూ మొదట అనిపించింది. కానీ ఆ మొదటి రాత్రి ఆమె ముందున్నవి నిజానికి కేసు పెట్టడం, పెట్టకపోవడం కాదు. ఎవరికైనా చెప్పడం, అసలు ఎవరికీ చెప్పకపోవడం. చెప్పడానికి ఒక దారి ఉంటే వైద్యమైనా అందుతుంది.

2013లో ఎయిర్‌ఫోర్స్ మొదలుపెట్టి మిగతా దళాలకు పాకిన ఇంకో ఏర్పాటు, బాధితులకు సొంత లాయరు. ప్రాసిక్యూటర్ ప్రభుత్వం తరఫు మనిషి, డిఫెన్స్ లాయరు నిందితుడి మనిషి. మధ్యలో ఆమె ఫోన్ మొత్తం తీసి చూస్తామంటే, పాత సంబంధాల గురించి అడుగుతామంటే ‘అక్కర్లేదు, అది అడగకూడదు’ అని చెప్పేవాళ్లు ఒకరు ఉండాలి కదా. ఆ ఒకరే ఈ లాయరు.

ఇన్ని ఉన్నా అమెరికా పరిశోధన సంస్థ రాండ్ 2014 సర్వేలో, దాడి గురించి ఫిర్యాదు చేసిన మహిళల్లో 62 శాతం మంది ఆ తర్వాత ఏదో ఒక రకంగా కక్ష సాధింపు ఎదుర్కొన్నామన్నారు. తోటివాళ్లు మాట్లాడటం మానేయడం దగ్గర్నుంచి ఉన్నట్టుండి రిపోర్టు పాడైపోవడం దాకా. ఫైలు నడిచే దారి మారనంత కాలం పక్కన ఎన్ని సౌకర్యాలు పెట్టినా అంతే.

దారి మారింది వనెస్సా తర్వాతే. 2021 డిసెంబర్‌లో సంతకమైన రక్షణ చట్టం, అత్యాచారం లాంటి తీవ్ర నేరాల్లో కేసు పెట్టే అధికారాన్ని కమాండర్ల నుంచి తీసి, ఆ గొలుసుకు బయట ఉండే ప్రత్యేక సైనిక ప్రాసిక్యూటర్లకు ఇచ్చింది. ఆ కార్యాలయాలు 2023 డిసెంబర్ చివర్లో పని మొదలుపెట్టాయి. 2025 జనవరి నుంచి లైంగిక వేధింపు కేసులూ వాటి కిందికి వచ్చాయి. క్రమశిక్షణ కుప్పకూలిపోలేదు. అయినా 2025 సెప్టెంబర్ 30న క్వాంటికోలో జనరల్స్‌ అందరినీ కూర్చోబెట్టి అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ ఏం చెప్పారో గుర్తుంచుకోవాలి. లైంగిక వేధింపు చట్టవిరుద్ధమే అంటూనే, పేరు చెప్పని ఫిర్యాదులు, పదేపదే చేసే ఫిర్యాదులు ఇక ఉండవన్నారు. పేరు చెప్పడానికి భయపడే చోట పేరు చెప్పని ఫిర్యాదే మొదటి మెట్టు. దాన్ని తీసేసి మెట్లెక్కమంటే ఎలా?

ఇక్కడ ఒక మాట. ఇది ఆడవాళ్ల సమస్య మాత్రమే కాదు. 2021కి పెంటగాన్ వేసిన అంచనాలో లైంగిక దాడికి గురైన దాదాపు 36 వేల మందిలో 16 వేలకు పైగా మగవాళ్లే. శాతంలో ఆడవాళ్లకు ప్రమాదం చాలా ఎక్కువ, కానీ సైన్యంలో మగవాళ్ల సంఖ్య ఎక్కువ కాబట్టి లెక్క అలా వస్తుంది. మగవాడికి చెప్పుకోవడం ఇంకా కష్టం. ర్యాగింగ్ అని, సరదా అని నవ్వేస్తారు.

సర్వీసు అయిపోయాక సంగతేమిటి? అమెరికా మాజీ సైనికుల శాఖ ఆసుపత్రుల్లో ఈ గాయానికి చికిత్స ఉచితం. అప్పట్లో ఫిర్యాదు చేశావా అని అడగరు, కాగితం చూపమనరు. పింఛను లాంటి పరిహారం కావాలంటే మాత్రం ఆధారం కావాలి. ముప్పై ఏళ్ల కిందట ఎవరికీ చెప్పని దానికి ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ నిబంధన రాసినవాళ్లెవరో మనుషుల్ని బాగా గమనించినవాళ్లు. పాత సర్వీసు ఫైలు తీసి చూడమంటుంది. అప్పటిదాకా బాగున్న వార్షిక రిపోర్టు ఆ నెల నుంచి ఎందుకు పడిపోయింది? ఉన్నట్టుండి బదిలీ ఎందుకు అడిగింది? ఆ వారంలో గర్భ పరీక్ష ఎందుకు చేయించుకుంది? ఇంటికి రాసిన ఉత్తరంలో ఏముంది? నోరు విప్పని మనిషి తరఫున ఫైలు మాట్లాడుతుందన్నమాట. కాగితం మీద ఇంత బాగున్నా, తిరస్కరించిన దరఖాస్తుల్లో దాదాపు సగం సరిగా పరిశీలించనివేనని ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే 2018లో తేల్చారు. గుమాస్తాకు శిక్షణ లేకపోతే మంచి నిబంధన కూడా బీరువాలోనే ఉంటుంది.

జపాన్‌లో రీనా గొనోయ్ చిన్నప్పుడు 2011 సునామీలో చిక్కుకుంది. సహాయ శిబిరంలో తమను ఆదుకున్న సైనికురాళ్లను చూసి సైన్యంలో చేరాలనుకుంది, చేరింది. 2021లో శిక్షణలో తోటి సైనికులు ఆమెపై లైంగిక దాడి చేశారు. లోపలి విచారణలో చూశామని చెప్పేవాళ్లు లేకపోయారు. ఉద్యోగం వదిలి 2022లో యూట్యూబ్‌లో పేరు, ముఖం చూపించి చెప్పింది. లక్ష మందికి పైగా సంతకాలు పెట్టాక సైన్యం తల వంచి క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబర్‌లో ముగ్గురికి సాధారణ కోర్టు శిక్ష వేసింది, జైలుకు పంపకుండా సస్పెండ్ చేస్తూ. దక్షిణ కొరియా అయితే ఒక ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ ఆత్మహత్య తర్వాత, 2022 జూలై నుంచి సైన్యంలో లైంగిక నేరాల కేసుల్ని మొత్తంగా పౌర కోర్టులకు అప్పగించేసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2021 సెప్టెంబర్‌లో కోయంబత్తూరు ఎయిర్‌ఫోర్స్ కాలేజీలో శిక్షణలో ఉన్న ఒక మహిళా అధికారి, సహచర ఫ్లైట్ లెఫ్టినెంట్ తనపై అత్యాచారం చేశాడని చెప్పింది. ముందు లోపలే చెప్పింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేశారని, ఎయిర్‌ఫోర్స్ ఆసుపత్రిలో తనకు టూ ఫింగర్ టెస్ట్ (యోనిలో వేళ్లు పెట్టి చూసే అశాస్త్రీయ పరీక్ష) చేశారని ఆరోపిస్తూ చివరికి ఊళ్లోని మహిళా పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. ఆ పరీక్ష జరగలేదని ఎయిర్‌ఫోర్స్ చీఫ్ అన్నారు. పోలీసులు నిందితుణ్ణి అరెస్టు చేశారు. కొద్ది రోజులకే ఎయిర్‌ఫోర్స్ కోరడంతో కోర్టు అతన్ని కోర్టు మార్షల్ కోసం వాళ్లకే అప్పగించింది. ఏ గేటు దాటి ఆమె బయటికి వచ్చిందో కేసు తిరిగి ఆ గేటు లోపలికే వెళ్లింది.

ఇది ఎవరో తప్పుగా చేసింది కాదు, చట్టం ప్రకారమే జరిగింది. 1950 ఎయిర్‌ఫోర్స్ చట్టం సెక్షన్ 72, ఆర్మీ చట్టం సెక్షన్ 70 చదవండి. సైనికుడు ఒక సాధారణ పౌరురాలిపై అత్యాచారం చేస్తే, విదేశంలోనో సరిహద్దు పోస్టులోనో యాక్టివ్ సర్వీసులోనో తప్ప, కోర్టు మార్షల్‌కు అధికారం లేదు. మామూలు కోర్టుకే వెళ్లాలి. బాధితురాలు తానే యూనిఫాంలో ఉంటే ఆ రక్షణ లేదు. కేసు తమకు కావాలని దళం అడగొచ్చు. గేటు బయట కూరగాయలు కొనుక్కునే ఆవిడకు ఉన్న రక్షణ, గేటు లోపల దేశం కోసం డ్యూటీ చేస్తున్న అమ్మాయికి లేదు! 1950లో చట్టం రాసినప్పుడు నర్సింగ్ విభాగం తప్ప సైన్యంలో ఆడవాళ్లు దాదాపు లేరు కాబట్టి ఇది ఎవరికీ తట్టి ఉండదనుకుందాం. ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు. దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురు 2016 జూన్ 18న కమిషన్ అందుకున్నది హైదరాబాద్ పక్కన దుండిగల్‌లోనే. మహిళా అధికారులకూ పర్మినెంట్ కమిషన్ (రిటైరయ్యే దాకా సర్వీసు) ఇవ్వాలన్న సుప్రీంకోర్టు తీర్పు 2020లో వచ్చింది. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదివిన అమ్మాయిల మొదటి బ్యాచ్ 2025లో బయటికొచ్చింది.

పనిచోట లైంగిక వేధింపుల్ని అరికట్టే పోష్ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. ఇంటర్నల్ కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి, బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరు ఉండాలి. కానీ ఆ ఒక్కరు తప్ప మిగతావాళ్లు ర్యాంకు గొలుసులోని వాళ్లే. శ్రీనగర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో 2023 డిసెంబర్ 31 రాత్రి పార్టీలో తనపై దాడి జరిగిందన్న ఫ్లైయింగ్ ఆఫీసర్ ఫిర్యాదు, వింగ్ కమాండర్‌పై ఎఫ్‌ఐఆర్‌గా మారింది 2024 సెప్టెంబర్‌లో. ఆరోపణ నిజమా కాదా కోర్టు చెప్పాలి. ఆ మధ్యలోని ఎనిమిది నెలల పైచిలుకు కాలం గురించే నేను మాట్లాడుతున్నది. రెస్ట్రిక్టెడ్ రిపోర్టు లాంటిది, బాధితురాలికి సొంత లాయరు లాంటిది మన సైనిక చట్టాల్లో ఎక్కడా లేవు. వీటికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. సెక్షన్ 72లో, సెక్షన్ 70లో పౌరురాలికి ఇచ్చిన రక్షణను సైనికురాలికీ ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ కూడా అవసరం లేదు. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు.