గడువా, కొలతా? ఫ్లైట్ కంట్రోల్స్ తనిఖీ మీద వాదోపవాదం

వాదాంశం: ఫ్లైట్ కంట్రోల్స్ (విమానాన్ని గాల్లో అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పే భాగాలు) మీద చేసే తప్పనిసరి తనిఖీల గడువును, రిలయబిలిటీ లెక్కలు (ఏ పార్టు ఎంత తరచుగా ఫెయిల్ అవుతోందో చెప్పే అంకెలు) ఎంత బాగున్నా సరే, పొడిగించకూడదు.

ఔననేది హ్యాంగర్: విమానం మీద పని చేసి సంతకం పెట్టే లైసెన్సు ఇంజనీరు. కాదనేది ప్లానింగ్: ఏ తనిఖీ ఎన్ని గంటలకి రావాలో, ఏ చెక్‌లోకి సర్దాలో తేల్చే ఇంజనీరు.

హ్యాంగర్: గాల్లో మాటలు వద్దు మేడం, ఒక్క పార్టు పట్టుకుని మాట్లాడుకుందాం. ఎండీ-83 తోక పైన అడ్డంగా ఉండే హారిజాంటల్ స్టెబిలైజర్‌ని పైకీ కిందికీ వంచేది జాక్‌స్క్రూ. ఉక్కు స్క్రూ తిరుగుతుంటే అల్యూమినియం బ్రాంజ్ నట్టు దాన్ని పట్టుకుని ఉంటుంది. నట్టు మెత్తగా ఉండటం కావాలని చేసిందే, అరిగేది అదే అవ్వాలని. వెయ్యి గంటలకి 0.001 అంగుళం అరుగుతుందని డిజైన్ లెక్క. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 కాలిఫోర్నియా తీరంలో పసిఫిక్‌లో పడింది. 88 మందిలో ఒక్కరూ బతకలేదు. సముద్రంలోంచి తీసిన స్క్రూకి నట్టు థ్రెడ్లు తెగి తీగల్లా చుట్టుకుని ఉన్నాయి. స్క్రూ పనిచేసే మేర గ్రీజు లేదు. అరుగుదల వెయ్యి గంటలకి కనీసం 0.012 అని తేలింది. పన్నెండు రెట్లు. ఎందుకయ్యా అంటే గ్రీజు గడువు పెంచుకుంటూ పోయారు. 1987లో 500 గంటలు. 1996 నాటికి ఎనిమిది నెలలు, గంటల్లో చెప్పాలంటే సుమారు 2,550.

ప్లానింగ్: మీరు చెప్పినవి నిజమే సార్, కానీ సగమే చెప్పారు. అప్పటికి తయారీదారు సిఫార్సు చేసిన గ్రీజు గడువు 3,600 గంటలు. ఎయిర్‌లైన్ 2,550 దగ్గర ఉంది, అంటే కాగితం మీద ఇంకా వెయ్యి గంటలు లోపలే. తయారీదారు గడువు దాటకూడదన్నది మీ రూలైతే, ఆ రూలు ఈ విమానాన్ని ఆపేది కాదు.

హ్యాంగర్: ఆ 3,600 ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పండి. ఎండీ-83కి మూలమైన డీసీ-9 రోజుల్లో, దాన్ని తయారుచేసిన డగ్లస్ ఇంజనీర్లు అనుకున్నది 300 నుంచి 350 గంటలు. తర్వాత మెయింటెనెన్స్ ప్రోగ్రాం కొత్త పద్ధతిలోకి మారినప్పుడల్లా అంకె పెరిగింది. మొదటి కాగితం బీరువాలోంచి తీసి చూసినవాళ్ళు లేరు. పొడిగింపులో నాకు భయం వేసేది ఇక్కడే. ఏ ఒక్క పొడిగింపూ పెద్దగా అనిపించదు, ప్రతిసారీ నిన్నటి అంకెతోనే పోలుస్తారు.

ప్లానింగ్: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ విమానానికి ఆఖరి గ్రీజు పని 1999 సెప్టెంబరులో జరిగినట్టు రికార్డు ఉంది. ప్రమాదానికి నాలుగు నెలల ముందు. గడువు మీరలేదు. ఆ పనికి గంట పట్టిందని చేసిన మెకానిక్కే దర్యాప్తులో చెప్పాడు. తయారీదారు అంచనా నాలుగు గంటలు. రెండు పక్కలా యాక్సెస్ ప్యానెళ్ళు విప్పాలి, నట్టుకున్న నిపుల్‌కి, అంటే గ్రీజు ఎక్కించే మూతికి, గన్ను పెట్టి పైనుంచి గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి, స్క్రూ పొడుగునా బ్రష్‌తో పూయాలి, తర్వాత స్టెబిలైజర్‌ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పాలి. గంటలో ఎలా అవుతుంది? దొరికిన నట్టులో నిపుల్ దారి ఎండి మట్టిలా గట్టిపడిన గ్రీజుతో మూసుకుపోయి ఉంది. అలాంటి పనిని 2,550కి బదులు 650కి పెట్టినా జరగని పని జరగనట్టేగా?

హ్యాంగర్: జరగనట్టే. కానీ 650కి పెడితే ఒక్కసారి తప్పినా తర్వాతది దాన్ని కప్పుతుంది. 2,550కి ఒక్కటి తప్పితే 5,000 గంటలు పొడిగా నడుస్తుంది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిందీ ఇదే: గడువు పెరగడం వల్ల, ఒక గ్రీజు పని తప్పితే నట్టు దాదాపు ఎండిపోయే అవకాశం పెరిగింది అని. మనుషులు తప్పు చేయరనుకుని గడువు పెట్టకూడదు మేడం. ఒకరు చేయకపోయినా విమానం బతకాలి అనుకుని పెట్టాలి. ప్రమాదం తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం కూడా గ్రీజుకి 650 గంటలు, ఎండ్ ప్లే (నట్టులో స్క్రూ ఎంత వదులుగా కదులుతోందో) కొలతకి 2,000 గంటలు అనే వచ్చింది.

ప్లానింగ్: సరే, ఇప్పుడు నా వైపు వినండి. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ రాసిన నివేదికలో, వయసు పెరిగేకొద్దీ ఫెయిల్ అయ్యే గుణం ఉన్నవి 11 శాతం పార్టులే. మిగతా 89 శాతానికి గడువు పెట్టి విప్పడం వల్ల లాభం లేదు. 68 శాతం పార్టులకైతే కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఫెయిల్యూర్లు ఎక్కువ. డీసీ-8 ప్రోగ్రాంలో షెడ్యూల్ ఓవర్‌హాల్ (గడువుకి పూర్తిగా విప్పి బాగుచేయడం) చేయాల్సినవి 339, డీసీ-10కి వచ్చేసరికి ఏడు. డీసీ-10 దానివల్ల ప్రమాదకరం కాలేదు. దానికి ముందే, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ వాడిన లిబరేటర్ బాంబర్ల రికార్డులు చూసిన శాస్త్రవేత్త వాడింగ్టన్‌కి, 50 గంటల తనిఖీ అయిన వెంటనే రిపేర్లు పెరగడం, తర్వాత మెల్లగా తగ్గడం కనిపించింది. ఆయన లెక్క తీసినవి యుద్ధంలో రోజూ ఎగిరే విమానాలు.

హ్యాంగర్: ఆ 11 శాతంలో జాక్‌స్క్రూ నట్టు ఉందా, లేదా? మెటల్ మీద మెటల్ రాసుకుంటే అరుగుతుంది. దానికి సర్వే అక్కర్లేదు.

ప్లానింగ్: ఉంది. అందుకే నట్టు గురించి నేను వాదించడం లేదు. మీ వాదాంశం నట్టు దగ్గర ఆగలేదు, ఫ్లైట్ కంట్రోల్స్ మొత్తం అంది. కేబుళ్ళ సంగతి చూద్దాం. 2003 జనవరి 8, అమెరికాలోని షార్లెట్. బీచ్ 1900డీ అనే చిన్న విమానం కూలింది, 21 మందీ పోయారు. ప్రమాదానికి రెండు రాత్రుల ముందు, షెడ్యూల్ చెక్‌లో ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ దించే తోక రెక్క) కేబుల్ టెన్షన్ తక్కువ ఉందని టర్న్‌బకుల్ (కేబుల్ బిగువు సరిచేసే మర) తిప్పారు. రిగ్గింగ్‌లో, అంటే కేబుళ్ళు సరిచేసే పనిలో, కొన్ని స్టెప్పులు వదిలేశారు. ముక్కు కిందికి దించే వైపు ఎలివేటర్ కదలిక సగానికి పడిపోయింది. తొమ్మిది ఫ్లైట్లు అలాగే బాగా నడిచాయి. ఆ రోజు బరువు ఎక్కువ, సెంటర్ ఆఫ్ గ్రావిటీ (బరువు కేంద్రం) బాగా వెనక్కి. ముక్కు లేచింది, దించడానికి ఎలివేటర్ చాల్లేదు. ఇంకోటి, 2018 నవంబరు 11, పోర్చుగల్. హెవీ చెక్ (హ్యాంగర్‌లో రోజుల తరబడి చేసే పెద్ద తనిఖీ) పూర్తయి బయటికి వచ్చిన ఎయిర్ అస్తానా ఎంబ్రాయర్ 190. ఐలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క భాగం) కేబుళ్ళు తారుమారుగా కలిపారు. కుడికి తిప్పితే ఎడమకి ఒరిగింది. ఆరుగురూ బతికారు, బెజా ఎయిర్‌బేస్‌లో దిగడానికి మూడో ప్రయత్నం దాకా పట్టింది. ఈ రెండు విమానాలనీ ఎవరూ ముట్టుకోకపోతే అవి బాగానే ఉండేవి.

హ్యాంగర్: షార్లెట్ కథలో మీరు దాటేసినదాన్ని నేను చెప్తాను. ఆ మెకానిక్ ఆ టైప్ మీద ఆ పని చేయడం అదే మొదటిసారి. పని నేర్పిన మనిషీ, ఇన్‌స్పెక్టరుగా సంతకం పెట్టిన మనిషీ ఒక్కరే. కొన్ని స్టెప్పులు అక్కర్లేదని నేర్పింది ఆయనే, అన్నీ సరిగా ఉన్నాయని ఒప్పుకున్నదీ ఆయనే. ఎలివేటర్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కదులుతోందా అని పని అయ్యాక ఒక్కసారి డిగ్రీల్లో కొలిచి ఉంటే దొరికేది. తనిఖీ తక్కువ చేయాలని దీన్నిబట్టి ఎలా అంటారు? రెండో మనిషి లేకపోవడమే అక్కడ జబ్బు. మన దగ్గర కంట్రోల్స్ విప్పి బిగిస్తే ఇండిపెండెంట్ ఇన్‌స్పెక్షన్ అని ఇంకో ఆథరైజ్డ్ మనిషి విడిగా చూడాలి. శంషాబాద్‌లో అర్ధరాత్రి షిఫ్టులో ఆ రెండో మనిషి కోసం ఎదురుచూసే అరగంటని డిలే అని రాసేది మీ షీటే కదా మేడం.

ప్లానింగ్: ఆ అరగంట గ్రౌండ్ టైమ్‌లోనే కలపాలి, ఒప్పుకుంటాను. కానీ అడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. విప్పడం తగ్గితే తప్పు బిగింపు తగ్గుతుందా, తగ్గదా?

హ్యాంగర్: తగ్గుతుంది. అయితే చూడటం వేరు, కదిలించడం వేరు. కేబుల్ తనిఖీకి టర్న్‌బకుల్ ముట్టుకోనక్కర్లేదు. గుడ్డ చుట్టి కేబుల్ పొడుగునా లాగితే తెగిన తీగ గుడ్డని పట్టేస్తుంది. పుల్లీ మీద కూర్చునే మేర అరుగుదల ఎక్కువ కాబట్టి కంట్రోల్స్ ఈ చివరికీ ఆ చివరికీ తోసి, దాక్కున్న ముక్క బయటికి వచ్చాక చూడాలి. టర్న్‌బకుల్ బయట మూడు థ్రెడ్లకి మించి కనిపించకూడదు. లాకింగ్ వైరో, క్లిప్పో ఉందా చూడాలి. కేబుల్ బిగువు కొలిచే టెన్షియోమీటర్ పెట్టి, ఆ రోజు టెంపరేచర్‌కి చార్ట్‌లో ఎంత ఉండాలో దానితో పోల్చాలి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఒక అంకె, జనవరి తెల్లవారుజామున ఇంకో అంకె వస్తుంది, ఎందుకంటే అల్యూమినియం బాడీ ఉక్కు కేబుల్ కంటే ఎక్కువ సాగుతుంది. చార్ట్ చూడకుండా టర్న్‌బకుల్ తిప్పడమే మీరు చెప్పే డిస్టర్బెన్స్. ఇందులో ఏదీ విప్పే పని కాదు.

ప్లానింగ్: అయితే మీ వాదాంశం మీరే మార్చుకున్నారు సార్. చూసే తనిఖీ గడువు పెంచొద్దు, విప్పే పని గడువు ఆధారం ఉంటే పెంచొచ్చు. అంతేనా?

హ్యాంగర్: అంత తొందరగా సంతకం పెట్టను. విప్పితే తప్ప కనిపించనివి ఉన్నాయి. స్టెబిలైజర్ యాక్చుయేటర్లలో రెండు లోడ్ పాత్‌లు పెడతారు, ఒకటి విరిగితే రెండోది మోస్తుందని. మొదటిది విరిగినా కొన్ని డిజైన్లలో కాక్‌పిట్‌లో ఏ లైటూ వెలగదు. చూస్తే తప్ప తెలియని ఫెయిల్యూర్‌కి రిలయబిలిటీ రిపోర్టులో సున్నా కనిపిస్తుంది, ఆ సున్నా చూపించి గడువు పెంచుతారు. ఎండీ-83 నట్టులోనూ రెండు వరుసల థ్రెడ్లు, ఒకదానికొకటి తోడు అన్నారు. రెండూ ఒకే నట్టులో ఉన్నాయి, ఒకే గ్రీజు మీద బతుకుతున్నాయి. కలిసే అరిగాయి.

ప్లానింగ్: దాగిన ఫెయిల్యూర్‌కి గడువు ఉండాలనేది నౌలన్, హీప్ కూడా రాశారు, అందులో తగాదా లేదు. కానీ క్యాలెండర్ పట్టుకోలేనివి వస్తున్నాయి ఇప్పుడు. 2025 అక్టోబరు 30న జెట్‌బ్లూ ఏ320 ఒకటి పైలట్ అడక్కుండానే ముక్కు దించింది. ఎలివేటర్, ఐలరాన్ కంప్యూటర్‌లో డేటాని తీవ్రమైన సౌర వికిరణం చెడగొట్టవచ్చని ఎయిర్‌బస్ నవంబరు 28న చెప్పింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 6,000 విమానాలు, మన దేశంలో 338. చాలావాటికి మందు, పాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించడం, రెండు మూడు గంటల పని. ఏ సీ చెక్‌లో (ఒక రకం పెద్ద తనిఖీ) ఏ టార్చిలైటు వేసి చూస్తే ఇది కనిపించేది?

హ్యాంగర్: కనిపించదు. కానీ అది ఎలా సర్దుకుంది? యూరప్ విమాన భద్రతా సంస్థ ఈయాసా ఎమర్జెన్సీ ఆదేశం ఇచ్చింది, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తప్పనిసరి చేసింది, శని ఆదివారాల్లో మన వాళ్ళు దాదాపు అన్నీ పూర్తి చేశారు. సలహా అని పంపి ఉంటే ఎన్ని వారాలు సాగేదో మీకూ తెలుసు. అది నా వైపు సాక్ష్యం మేడం.

ప్లానింగ్: తప్పనిసరి అనే మాటకి సాక్ష్యం, మారని గడువుకి కాదు. సరే, అసలు చోటికి వద్దాం. 1997 సెప్టెంబరు, అదే అలాస్కా విమానం, ఓక్లాండ్ హ్యాంగర్. ఎండ్ ప్లే చెక్. స్టెబిలైజర్‌ని ఫిక్స్చర్ అనే బిగింపు పరికరంతో అటూ ఇటూ లాగి, డయల్ గేజ్ మీద నట్టులో స్క్రూ ఎంత కదులుతోందో చూడటం. ఒప్పుకునే హద్దు 0.003 నుంచి 0.040 అంగుళం. వచ్చింది సరిగ్గా 0.040, అంటే ఒక మిల్లీమీటరు. నట్టు మార్చాలని మొదట రాశారు. తర్వాత మళ్ళీ ఐదుసార్లు కొలిస్తే 0.033 వచ్చింది, వదిలేశారు. గడువు ప్రకారం తనిఖీ జరిగింది, మనిషి కొలిచాడు, అంకె హద్దులోనే ఉంది. ఇక్కడ మీ గడువు ఏం కాపాడింది?

హ్యాంగర్: తర్వాతి గడువు కాపాడేది, ఉండి ఉంటే. తయారీదారు సిఫార్సు 7,200 గంటలు లేదా 30 నెలలు, ఏది ముందైతే అది. ఎయిర్‌లైన్ ప్రోగ్రాంలో 30 నెలలు మిగిలాయి, గంటల హద్దు పోయింది. రోజంతా ఎగిరే విమానానికి 30 నెలలంటే దాదాపు 9,550 గంటలు. ఆ చెక్ తర్వాత అది 8,884 గంటలు ఎగిరింది. గంటల హద్దు ఉండి ఉంటే సముద్రంలో పడటానికి 1,700 గంటల ముందు మళ్ళీ డయల్ గేజ్ పెట్టేవాళ్ళు. మీరు పొడిగింపు అంటారు, అక్కడ జరిగింది ఒక్క ‘లేదా’ కొట్టేయడం.

ప్లానింగ్: ఇది గట్టి మాట. నా దగ్గర దీనికి జవాబు లేదు. కానీ 0.040, 0.033 తేడా సంగతి చెప్పండి. ఆ ఎయిర్‌లైన్ సొంతంగా చేయించుకున్న ఫిక్స్చర్లు తయారీదారు కొలతలకి సరిపోలేదని తర్వాత తేలింది. మీ 650లూ 2,000లూ ఎన్ని రాసినా గేజ్ సరిగ్గా కూర్చోకపోతే ఏం లాభం? గడువు పెంచమని నేనడిగినప్పుడు గంటలు కాకుండా కొలతలు చూపించి అడుగుతాను. ఫ్లీట్‌లో ప్రతి విమానం ఎండ్ ప్లే సీరియల్ నంబరు వారీగా, ఒకే ఫిక్స్చర్‌తో, గ్రాఫ్ మీద. వెయ్యి గంటలకి 0.001 మీద గీత నడుస్తుంటేనే అడుగుతాను. ఒక్క నట్టు గీత పైకి వంగినా ఆ పొడిగింపు రద్దు.

హ్యాంగర్: పని కార్డులో ‘తనిఖీ చేశాను, సంతృప్తికరం’ అనే గడి తీసేసి అంకె రాసే గడి పెట్టించండి. సగం గొడవ అక్కడ తగ్గుతుంది. గ్రీజు పనికి ఇన్‌స్పెక్టర్ సంతకం వేరేగా ఉండాలి, ఎన్‌టీఎస్‌బీ కూడా అదే అడిగింది. రెండు కొలతలకి తేడా వస్తే?

ప్లానింగ్: పెద్దదే లెక్క. చిన్నది కావాలంటే ఫిక్స్చర్ మార్చి, మనిషిని మార్చి కొలవాలి, మొదటి అంకె కొట్టేయకుండా.

హ్యాంగర్: రాసి ఇవ్వండి. ఇంకొకటి కూడా అందులో కలపండి: స్టోర్సులో స్పేర్ జాక్‌స్క్రూ అసెంబ్లీ లేని రోజు ఎండ్ ప్లే చెక్ మొదలుపెట్టకూడదు. పొద్దున ఆరింటికి విమానం గేటు మీద ఉండాలి, స్పేరు లేదు అంటే, నాలుగోసారి కొలిచేసరికి ఏ అంకె అయినా దిగుతుంది.

ప్లానింగ్: స్పేరు కొని బీరువాలో పెట్టడానికి ఫైనాన్స్ వాళ్ళు ఒప్పుకోరు సార్, ఏళ్ళ తరబడి వాడని పార్టు అంటారు.

హ్యాంగర్: అయితే పొడిగింపు కాగితం మీద వాళ్ళ సంతకం కూడా తీసుకురండి.