ముఖ్యులను ఆపివేయండి

ఆమదాలవలస దగ్గర మా బావగారి పొలంలో బోరు మోటారుకు కొత్త స్టార్టర్ పెట్టె బిగించిన రోజున, దానితో వచ్చిన తెలుగు పుస్తకాన్ని నేను భక్తితో తెరిచాను. మూత తీయడానికి ముందు చేయవలసిన పని ఇలా ఉంది: "ముఖ్యులను ఆపివేయండి."

"ముఖ్యులంటే ఎవుల్రా?" అని మా బావగారు ఎలక్ట్రీషియన్ కుర్రవాణ్ణి అడిగారు. సరిగ్గా అప్పుడే సర్పంచిగారు బండి మీద గట్టు వెంట పోతున్నారు. ఆయనను ఆపాము. పుస్తకంలో బహువచనం ఉన్నందువల్ల ఒక్కరు చాలరని నేను పట్టుబట్టగా, వెనక వస్తున్న నీటి సంఘం అధ్యక్షుణ్ణి కూడా ఆపి, ఇద్దరినీ చింతచెట్టు కింద కూర్చోబెట్టి టీ తెప్పించాము. "నన్నెందుకు ఆపినారు?" అన్న సర్పంచిగారు, పుస్తకం చూశాక, ఎక్కడో ఉన్న కంపెనీవారు సైతం తనను గుర్తించినందుకు మెత్తబడ్డారు. కరెంటు మాత్రం ఆగలేదు.

అదే వాక్యం పుస్తకంలో ఏడు చోట్ల పొల్లుపోకుండా కనిపించాక దాని కులగోత్రాలు నాకు అర్థమయ్యాయి: ఇంగ్లీషులో "మెయిన్స్", అంటే మెయిన్ కరెంటు, తెలుగులో "ముఖ్యులు" అయింది. నేనూ కొన్నాళ్లు ఇటువంటి పుస్తకాలు తయారుచేసే వృత్తిలో ఉన్నవాణ్ణే. వాటిని ఇప్పుడు, మాటలకు ముందూ వెనకా ట్యాగులనే గుర్తులు తగిలించే ఎక్స్ఎమ్ఎల్‌లో ముక్కలు ముక్కలుగా రాస్తారు. ఐబీఎమ్‌లో పుట్టి 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణంగా స్థిరపడిన డీటా పద్ధతిలో కాన్సెప్టు, టాస్కు, రిఫరెన్సు అని విషయాన్ని విడదీస్తారు. ఒకసారి రాసిన హెచ్చరికను, కాన్‌రెఫ్ అనే లంకెతో ఎన్ని చోట్లకైనా రప్పించుకుంటారు. డీటాలోని మొదటి అక్షరం డార్విన్‌ది. పరిణామక్రమంలో మా ఊరు చేరేసరికి వాక్యానికి తోక మొలిచింది.

పద్ధతిలో లోపమేమీ లేదు. ట్యాగులన్నీ మూసి ఉన్నాయా అని చూసే పరీక్షలో ఈ వాక్యం నిక్షేపంగా నెగ్గుతుంది. మూత తీసినవాడు బతికి ఉన్నాడా అన్నది ఆ పరీక్షలో లేదు. అనువాదకుడికి, ఎక్స్‌లిఫ్ అనే అనువాదాల ఫైలులో ఒంటరి వాక్యాలు చేరుతాయి, బొమ్మ ఉండదు, మోటారు ఉండదు. ఒకసారి తప్పుగా చేసినది, పాత అనువాదాలను దాచి ఉంచే అనువాద స్మృతిలో చేరి, మరుసటి పుస్తకంలో నూటికి నూరు శాతం సరిపోలిందని తేలుతుంది. నూటికి నూరు సరిపోలిన వాక్యానికి చాలా చోట్ల డబ్బులివ్వరు గనుక దాన్ని మళ్లీ ఎవరూ చదవరు. అయ్యా కంపెనీవారూ, అది ప్రాణానికి సంబంధించిన వాక్యం! త్రీ ఫేజ్ కరెంటున్న పెట్టెలో తడి చేయి పెట్టేవాడికి ఇస్తున్న ఒకే ఒక్క రక్షణ! దానిని ఒక్క తెలుగు రైతు చేత చదివించడానికి పట్టే పది నిమిషాలకు మీ ఖజానాలో డబ్బు లేదు గాని, ఆ తప్పును ఏడు చోట్ల అచ్చు వేయడానికి కాగితం ఉంది. సిగ్గుండాలి.

ఎలక్ట్రీషియన్ కుర్రవాడు టెస్టరు పెట్టి చూసే అలవాటున్నవాడు కాబట్టి ఆనాడు గండం గడిచింది. తరవాత వాడే మూత మీద సుద్దముక్కతో "మెయిన్ కట్టీసినాకే మూత తియ్యాల" అని రాశాడు. అది చూసి సర్పంచిగారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు.