ఓవర్టన్ అట్టముక్క, మిషిగన్ చట్టం

1990ల మధ్యలో, అమెరికాలోని మాకినా సెంటర్ అనే విధాన పరిశోధన సంస్థలో పనిచేస్తున్న జోసెఫ్ ఓవర్టన్ ఒక బ్రోషర్ తయారుచేశారు. అందులో జరపడానికి వీలైన అట్టముక్క ఒకటి ఉండేది. ఒక అంశం మీద సాధ్యమైన విధానాలన్నీ ఒక నిలువు గీత మీద వరసగా పెడతారు. వాటిలో జనం ఇవాళ ఒప్పుకునేవి ఏవో, వింటేనే నవ్వేసేవి ఏవో అట్టముక్క జరిపి చూపిస్తారు. 'ఇంతకీ మీ సంస్థ చేసేదేమిటి?' అని అడిగే దాతలకు అదే జవాబు. జనం ఒప్పుకునే ఆ పరిధికి 'ఓవర్టన్ విండో' అన్న పేరు మాత్రం ఆయన పెట్టుకున్నది కాదు. 2003లో అల్ట్రాలైట్ విమానం కూలి 43 ఏళ్లకే ఆయన చనిపోయాక సహచరులు పెట్టింది.

గీత నిలువుగానే ఎందుకు? అడ్డంగా గీస్తే లెఫ్టా రైటా అన్న గోల మొదలవుతుంది. పైకి వెళ్లేకొద్దీ ప్రభుత్వ జోక్యం తగ్గుతుంది, కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. పైన ఉన్నదే మేలైనదని చూసేవాళ్లకు ఎలాగూ అనిపిస్తుంది! చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగే అయినా అమ్మకం కిటుకు తెలిసిన మనిషి.

డౌ కెమికల్‌లో పనిచేసిన ఓవర్టన్, తర్వాత మిడ్‌లాండ్‌లోని మాకినా సెంటర్‌లో సీనియర్ వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. 1987లో పుట్టిన ఈ సంస్థ గురి వాషింగ్టన్ మీద కాదు, మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వం మీద. నాయకులు ప్రజాభిప్రాయాన్ని మార్చరు, అది ఎక్కడుంటే అక్కడికి చేరతారు. కాబట్టి ఎమ్మెల్యేల వెంట పడే కన్నా జనం ఆలోచన మీద ఏళ్ల తరబడి పనిచేయాలన్నది ఆయన సిద్ధాంతం. ఇప్పుడు టీవీ చర్చల్లో ఎవరో నాయకుడు నోటికొచ్చింది మాట్లాడి 'విండోను జరిపేశాడు' అంటుంటారు. ఆయన చెప్పింది దాదాపు దీనికి తలకిందులు.

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష 'రైట్ టు వర్క్'. అంటే యూనియన్‌కు డబ్బు కట్టడం ఉద్యోగానికి షరతు కాకూడదని చెప్పే చట్టం. 1936-37లో ఫ్లింట్ ఆటో కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయించి గెలిచిన రాష్ట్రంలో ఆ మాట ఎత్తడమే సాహసం. మాకినా సెంటర్ ఎత్తింది, ఏళ్ల తరబడి వదల్లేదు. 2012 డిసెంబర్ 11న గవర్నర్ రిక్ స్నైడర్ సంతకం చేశారు. అంతవరకూ అది తన ఎజెండాలో లేదంటూ వచ్చిన మనిషే!

మరి విండో జరిగినట్టేనా? నాకు నమ్మకం లేదు. పక్క రాష్ట్రం ఇండియానా అదే ఏడాది ఇలాంటి చట్టం తెచ్చి దారి చూపింది. యూనియన్ ద్వారా జీతాలు, షరతులు మాట్లాడుకునే సామూహిక బేరసారాల హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలన్న యూనియన్ల ప్రతిపాదన నవంబర్‌లో ఓడిపోయింది. కొత్త సభ కొలువుదీరకముందే, కమిటీల్లో విచారణ లేకుండా బిల్లులు దాటించేశారు. వాటిలో అమలు ఖర్చు కింద 10 లక్షల డాలర్ల కేటాయింపు ఒకటి పెట్టారు. మిషిగన్‌లో నిధులు కేటాయించే చట్టం మీద రెఫరెండం కుదరదు. ఆ లైను ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. జనం తమవైపు వచ్చేశారన్న ధీమా ఉన్నవాళ్లు జనం ఓటుకు తలుపు మూస్తారా?

ఇదే భావజాలం కోరుకున్న చార్టర్ స్కూళ్లకు, అంటే ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే బడులకు, 1993లో చట్టం వచ్చింది, ఇప్పటికీ నిలిచే ఉంది. అక్కడ పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులున్నారు, ఎవరైనా తీసేస్తామంటే ఊరుకోరు. ఓవర్టన్ చెప్పిన ఓపిక ఫలించింది నా దృష్టిలో ఇక్కడే. యూనియన్ చందా మిగిలిన కార్మికుడు మాత్రం రైట్ టు వర్క్ చట్టం కోసం వీధిలోకి రాలేదు.

2022 ఎన్నికల్లో రెండు సభలూ డెమోక్రాట్ల చేతికొచ్చాయి. 2023 మార్చిలో గవర్నర్ గ్రెచెన్ విట్మర్ రైట్ టు వర్క్ రద్దు బిల్లు మీద సంతకం పెట్టారు. అందులోనూ 10 లక్షల డాలర్ల కేటాయింపు ఉంది.