ఇంజిన్ ఫ్లషింగు ఎవరి అవసరం?

బెంగళూరులో కారు సర్వీసుకు ఇచ్చిన రోజున, ఉదయం పదకొండున్నర దాటాక, ఆఫీసు మీటింగులో మేనేజరు సరిగ్గా మన పేరు పిలిచే సమయానికి, సర్వీస్ అడ్వైజరు నుంచి ఫోను వస్తుంది. ఈ ముహూర్తం పెట్టేవారెవరో గానీ ఆషామాషీ సిద్ధాంతులు కారు. "సార్, బండి కండిషన్ చాలా బాగుంది. ఇంజిన్ ఫ్లషింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ కూడా చేయిస్తే ఇలాగే ఉంటుంది. చేసేయమంటారా?" అని ఆయన వినయంగా అడుగుతాడు. "మీటింగులో ఉన్నాను, చేసేయండి" అని మనం గుసగుసగా అంటాం. ఆ మూడు మాటల ఖరీదెంతో, 18 శాతం జీఎస్టీతో కలిపి, సాయంత్రానికి తెలుస్తుంది.

ఇటువంటి అదనపు సర్వీసులన్నీ అనవసరమని, వట్టి దోపిడీ అని విద్యావంతులలో కూడా ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయి ఉంది. ఇది తొందరపాటు అభిప్రాయమని సవినయంగా మనవి చేస్తున్నాను. అవసరం లేని పనికి లోకంలో ఎవరూ రేటు కట్టి, దానికొక ఇంగ్లీషు పేరు పెట్టి, ఎస్టిమేటులో ప్రత్యేకంగా ఒక లైను కేటాయించరు. అవసరం తప్పకుండా ఉంటుంది. అది ఎవరిదన్నది మాత్రమే విచారించవలసిన విషయం.

ముందుగా ఇంజిన్ ఫ్లషింగునే తీసుకుందాం. పాత ఆయిలు వదిలేసే ముందు అందులో ఒక చిన్న డబ్బాడు ద్రావకం పోసి, బండిని నిలబెట్టి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడిపి, లోపలి మడ్డి కరిగిందన్న విశ్వాసంతో ఆయిలుతో పాటు దాన్నీ దించేయడమే ఈ ప్రక్రియ. వేళకు ఆయిలు మార్పించుకునే బండిలో మడ్డి పేరుకోకుండా చూసే పనిని ఆ ఆయిలులోనే కలిపి ఉన్న డిటర్జెంటు పదార్థాలు ఎవరూ అడగకుండానే రోజూ చేస్తూ ఉంటాయి. ఏళ్ల తరబడి కొత్త ఆయిలు ముఖం చూడని సెకండ్ హ్యాండ్ బండి అయితే ఆలోచించవచ్చు, కాకపోతే అక్కడ కూడా ఒక్కసారిగా ఊడిన మడ్డి వెళ్లి ఆయిలు పంపు జల్లెడకు అడ్డం పడే ప్రమాదం ఉంది కనుక ఆచితూచి చేయవలసిన పని. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన కొత్త బండికి ఇది చేయించాలని ఓనర్స్ మాన్యువల్‌లోని షెడ్యూలులో సాధారణంగా కనిపించదు. అంతమాత్రాన అనవసరమని తేల్చేద్దామా? నెలలో ఇరవై ఏడో తేదీ వచ్చింది, అడ్వైజరుకు ఇచ్చిన టార్గెటులో ఇంకా ఆరు డబ్బాలు మిగిలి ఉన్నాయి. అవసరం ఉన్నది, అది మన ఇంజినులో లేదు, అంతే తేడా.

తుప్పు పట్టకుండా బండి అడుగు భాగానికి పూసే అండర్‌బాడీ కోటింగు ఇంతకన్నా లోతైన విషయం. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందన్నది కాదనలేని సత్యం. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున, ఇటు చెన్నై తీరానికీ అటు మంగళూరు తీరానికీ ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నదన్నది కూడా సత్యమే. ఈ రెండు సత్యాలకూ పొసగదని పామరులకు అనిపించవచ్చు గానీ, అనుభవం గల అడ్వైజరు ఒకే ఒక్క ప్రశ్నతో వాటిని కలిపి చూపిస్తాడు.

"మీది ఏ ఊరు సార్?"

"నెల్లూరు."

"మరి పండక్కి ఈ బండేసుకునే పోతారు కదా సార్. అక్కడంతా ఉప్పుగాలి."

సంక్రాంతి సెలవుల్లో, సముద్రానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు లోపలే ఉన్న నెల్లూరు పట్టణంలో, అత్తగారి ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి ఉండే కారుకు తగలబోయే గాలిని బెంగళూరులో కూర్చుని అంచనా వేయగలిగిన ఈ దూరదృష్టి వాతావరణ శాఖకు కూడా ఉండదు. నెల్లూరు కాక అనంతపురం అని చెబితే దుమ్ము అనేవాడని, కర్నూలు అంటే ఎండ అనేవాడని, కోటింగు మాత్రం అదేనని నా అనుమానం.

పై సంభాషణ తెలుగులో జరిగిందని పాఠకులు గమనించే ఉంటారు. అడ్వైజరు మొదట మనల్ని కన్నడంలోనే పలకరిస్తాడు. మన కన్నడం విని జాలిపడి హిందీలోకి దిగుతాడు. ఇంతలో మనం ఇంటికి ఫోను చేసి "ఆ, ఇచ్చేశాను, సాయంత్రానికి ఇస్తారంట" అనడం విని, ముఖం చేటంత చేసుకుని, "తెలుగువాళ్లా సార్? మాది మదనపల్లె" అంటాడు. ఆ క్షణంతో బేరం ముగిసింది. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా లక్షలాది తెలుగువాళ్లం ఉంటూ, ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుని ఇంగ్లీషులో దారి అడిగే మనకు సర్వీస్ సెంటరులో మాత్రం గుండె కరిగిపోతుంది. "మనవాళ్లని చెబుతున్నాను సార్, వేరేవాళ్లకైతే చెప్పను" అన్నాక కూడా సైలెన్సర్ కోటింగు వద్దనగలిగినవాడికి రాయలసీమ మీద గాని నెల్లూరు మీద గాని ఏపాటి అభిమానం ఉన్నట్టు? భాషాభిమానానికి పన్నుతో సహా రశీదు ఇచ్చే చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఎలుకల స్ప్రే గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అపార్ట్‌మెంటు బేస్‌మెంట్లలో ఎలుకలు బానెట్టు కిందికి చేరి వైర్లు కొరకడం నిజమే, వినాయకుడి వాహనం మన వాహనాన్ని తినడం బాధాకరమే. ఆ స్ప్రే ప్రభావం ఎన్నాళ్లుంటుందని అడిగితే మాత్రం అడ్వైజరు "అది ఎలుకను బట్టి సార్" అన్నట్టు చూస్తాడు. టైర్లలో నైట్రోజన్ కూడా అంతే. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే ఉన్నదని ఏడో తరగతి పిల్లవాడికి తెలుసు, మిగిలిన 22 శాతానికే మనం డబ్బులిస్తున్నామని వాడికి తెలియదు. ఫోమ్ వాష్ సంగతి అసలే ఎత్తను, నురగ విషయంలో బెళ్లందూరు చెరువు చూసిన ఊరికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఏసీ డిసిన్‌ఫెక్షనుకు మాత్రం సాక్ష్యం వస్తుంది. వాట్సాప్‌లో ఒక ఫోటో: పక్కపక్కన రెండు ఫిల్టర్లు, ఒకటి తెల్లగా, రెండోది ఎండుటాకులతో, జుట్టుతో, నల్లటి పొడితో నిండి. కింద బూడిదరంగు టైల్సు, ఒక మూల బూటు కొస కనిపిస్తాయి. కారు కనిపించదు, నంబరు ప్లేటు అంతకన్నా కనిపించదు. ఆ నల్లటి ఫిల్టరు మన బండిదేనా అని అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగరు. మన పిల్లలు ఈ గాలే పీలుస్తున్నారని భార్యకు ఆ ఫోటో పంపిస్తాం, ఆవిడ వెంటనే "చేయించండి" అంటుంది, ఇక దాని మీద అప్పీలు లేదు. నిజానికి చాలా బండ్లలో ఆ ఫిల్టరు గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. గ్లవ్ బాక్సు కిందికి దించి, పాతది లాగి, కొత్తది తోయడానికి చాలాసార్లు స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. అదే గ్లవ్ బాక్సులో, ఇన్సూరెన్సు కాగితాల కింద, కవరైనా విప్పని ఓనర్స్ మాన్యువల్ కూడా పడి ఉంటుంది. ఏ భాగం ఎన్ని కిలోమీటర్లకు చూడాలో, ఎప్పుడు మార్చాలో అందులో పట్టిక వేసి ఉంటుంది. కారు కొనే ముందు నెలల తరబడి రివ్యూ వీడియోలు చూసి, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయో కంఠస్థం చేసిన మనిషి, ఆ పట్టిక ఉన్న పేజీని మాత్రం తన జీవితకాలంలో తెరవడు.

పొరపాటున తెరిచినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. పెట్రోలు బండికి 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు ఆయిలు మార్చాలని ఉన్న గడి కింద, కఠిన పరిస్థితులలో నడిపే బండ్లకు ఇంకా ముందే మార్చాలని చిన్న అక్షరాలలో ఉంటుంది. కఠిన పరిస్థితులంటే ఏమిటో కూడా వివరిస్తారు: ఆగుతూ సాగే ట్రాఫిక్కు, కదలకుండా ఇంజిన్ నడుస్తూ ఉండడం, దగ్గరి ప్రయాణాలు, దుమ్ము. బెంగళూరు నగరాన్ని ఇంత క్లుప్తంగా వర్ణించిన కవి మరొకరు లేరు. నగరాల ట్రాఫిక్కును కొలిచే టామ్‌టామ్ సంస్థ లెక్కలో 2024లో ఇక్కడ 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాలకు పైగా పట్టింది. ఆ వేగాన 10,000 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి ఇంజిన్ దాదాపు 570 గంటలు నడిచి ఉంటుంది. అదే దూరం హైవే మీద గంటకు 80 చొప్పున తిరిగితే 125 గంటలు చాలు. మీటరు రెండు బండ్లకూ ఒకే అంకె చూపిస్తుంది, ఆయిలుకు మాత్రం తేడా తెలుస్తుంది. కనుక ట్రాఫిక్కుకు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి ఆయిలూ ఎయిర్ ఫిల్టరూ కాస్త ముందే మార్చమనడం న్యాయమైన సలహా. గుంతల్లో పడి లేచే బండి ఒక పక్కకు లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా వీల్ అలైన్‌మెంటు చేయించమనడమూ అంతే. ఇంత బలమైన వాదన చేతిలో పెట్టుకుని కూడా అడ్వైజరు దాన్ని వాడడు. ఆయనకు ఎవరో ఏసీలో బ్యాక్టీరియా అని నేర్పి పంపారు, ఆయన బ్యాక్టీరియా అనే అంటాడు.

రెండో అభిప్రాయం తీసుకుందామని వీధి చివరి గ్యారేజీకి వెళ్లేవారూ ఉన్నారు. అక్కడి మెకానిక్కు బానెట్టు ఎత్తి, డిప్‌స్టిక్కు లాగి, కొసనున్న ఆయిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసి, చెయ్యి పాత బనీను గుడ్డకు తుడుచుకుని, "ఏం అక్కర్లేదన్నా, ఇంకో రెండు వేలు తిరగనీ" అంటాడు. డబ్బులు అడగడు. మన అనుమానం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. గాజు తలుపులు, కాఫీ మిషను, మెడలో ఐడీ కార్డు ఉన్నవాడు ఎనిమిది పనులు చెప్పగా, నూనె చేతులవాడు ఒక్కటీ అక్కర్లేదంటే, వీడికి పని రాదేమో అనిపిస్తుంది. వద్దన్నవాడిని నమ్మడానికి మన దగ్గర రశీదు కూడా ఉండదు.

దానికి తోడు "బయట చెయ్యి పడితే వారంటీ పోతుంది సార్" అన్న హెచ్చరిక ఒకటి మన చెవిలో మోగుతూ ఉంటుంది. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేస్తూ, విడిభాగాలు బయటి మెకానిక్కులకు దొరకకుండా చేయడం తగదని, బయట పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గంపగుత్తగా షరతు పెట్టకూడదని చెప్పింది. బయటివాడు పాడుచేసిన భాగానికి కంపెనీని పరిహారం అడగలేమన్నది వేరే సంగతి. జరిమానా వ్యవహారం ఆ తర్వాత పై మెట్లు ఎక్కింది. ఆ ఆదేశం మాత్రం ఢిల్లీలో బయలుదేరి మన అడ్వైజరు బల్ల దగ్గరికి ఇంకా చేరినట్టు లేదు, బహుశా సిల్క్ బోర్డు దగ్గర ఆగి ఉంటుంది.

ఇలా ఒక్కొక్కదానికీ ఊ కొట్టుకుంటూ వచ్చిన యజమానికి మధ్యాహ్నం భోజనం తర్వాత ఆత్మగౌరవం మేలుకుంటుంది. ఎస్టిమేటు పన్నెండు వేలు దాటిందని, తనను వెర్రివాడి కింద జమకట్టారని, ఎక్కడో ఒకచోట గట్టిగా నిలబడకపోతే లాభం లేదని నిశ్చయించుకుంటాడు. సరిగ్గా అప్పుడు రెండో ఫోను వస్తుంది. "సార్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటింది. మార్చమంటారా?"

బ్రేక్ ఫ్లూయిడ్ అంటే పెడలు మీది ఒత్తిడిని చక్రాల దగ్గరి బ్రేకులకు చేర్చే ద్రవం, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక ఆ ప్రమాణమే 155 డిగ్రీలకు దిగుతుంది. అందుకే రెండేళ్లకో, 40,000 కిలోమీటర్లకో దాన్ని మార్చమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. బ్రేకులు అంతగా వేడెక్కేటంత వేగాన్ని బెంగళూరు ఎవరికీ ప్రసాదించదు కనుక ఊళ్లో తిరిగినంత కాలం ఈ తేడా తెలియదు. దర్శనం చేసుకుని, అయిదుగురు మనుషులతో, లడ్డూల సంచులతో, తిరుమల కొండ మీద నుంచి పాత ఘాట్ రోడ్డులో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలుంచి దిగేటప్పుడు తెలుస్తుంది. లోపల ద్రవం మరిగి ఆవిరి బుడగలు కట్టిందంటే పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. ఎస్టిమేటులోని పది లైన్లలో నిజంగా బండికే అవసరమైనది, పెద్దగా ఖరీదు లేనిది, మంచి వాసన రానిది, ఫోటో తీసినా అందంగా పడనిది ఇదొక్కటే.

"అదంతా అక్కర్లేదు. బ్రేకులు బ్రహ్మాండంగా పడుతున్నాయి. మీరు ఏది చెబితే అది చేయించుకోవడానికి నేనేమీ వెర్రివాడిని కాదు" అని యజమాని కంఠం పెంచి అంటాడు. ఎలుకల స్ప్రే కోసం పావుగంట పోరాడిన అడ్వైజరు దీని కోసం అర నిమిషం కూడా వాదించడు. "ఓకే సార్, నెక్స్ట్ సర్వీసులో చూద్దాం" అని జాబ్ కార్డులో కస్టమర్ వద్దన్నారని రాసి, సాయంత్రం అక్కడ ఒక సంతకం తీసుకుంటాడు. బండి నిమ్మకాయ వాసనతో, డాష్‌బోర్డు అద్దంలా మెరుస్తూ బయటికి వస్తుంది.

మూడో రోజున కంపెనీ నుంచి అభిప్రాయ సేకరణ ఫోను వస్తుంది. పదికి పది ఇవ్వమని, తొమ్మిది ఇస్తే తమకు సున్నాతో సమానమని అడ్వైజరు ముందే బతిమాలి ఉంటాడు కనుక అన్నిటికీ పది పడుతూ ఉంటుంది. చివరి ప్రశ్నగా, "మా సిబ్బంది మీకు అవసరం లేని పని ఏదైనా చేయించుకోమని సూచించారా సార్?" అని ఆ అమ్మాయి అడుగుతుంది.

యజమాని నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "ఒక్కటే అమ్మా. బ్రేక్ ఫ్లూయిడ్" అంటాడు.