పడవకు పందిరి, కారుకు మంచు

నీళ్లలో బతికే వస్తువుకి వాన పడదు. ఈ పరమ సత్యం మిషిగన్‌లో 22 అడుగుల సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొన్నాకే నాకు బోధపడింది.

చలికాలం సెయింట్ క్లెయిర్ సరస్సు గడ్డకడుతుంది. అందుకని అక్టోబరులో పడవని క్రేన్‌తో పైకి లేపి, పడవల యార్డులో జాక్ స్టాండ్ల మీద, అంటే పక్కలకి ఆనించే ఇనప ఊతకాళ్ల మీద నిలబెడతారు. అక్కణ్ణుంచి అది పడవ కాదు, బాలింత. తడి తగలకూడదు. డెక్ మీది స్క్రూ సందులోకి చుక్క నీరు దిగినా, గడ్డకట్టేటప్పుడు 9 శాతం ఉబ్బి సందుని పెద్దది చేస్తుంది. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క ఉంటే అది నాని కుళ్లుతుంది. అలాగని ఊపిరాడకుండా చుట్టబెట్టినా కుదరదు, లోపల బూజు పడుతుంది. కాబట్టి రెండు చివర్లా గాలి ఆడే పందిరి వెయ్యాలి.

ప్లాస్టిక్ చుట్టి, వేడిగాలితో బిగించి ఇస్తామన్నారు యార్డువాళ్లు. అడుగుకి 20 డాలర్లు, మొత్తం 440. వసంతం రాగానే దాన్ని కోసి పారెయ్యాలట. ఇంత దుబారా మా ఇంటా వంటా లేదు. నేనే కట్టుకుంటే డబ్బు మిగులుతుందని తీర్మానించాను.

మిగిలిన తీరు మనవి చేస్తాను. మొదటి ఏడాది పీవీసీ పైపులు, నీలం టార్పాలిన్, 190 డాలర్లు. జనవరిలో ఒక రాత్రి తడిమంచు కురిసింది. తెల్లారి వెళ్లి చూస్తే పైపులు వంగి దణ్ణం పెడుతున్నాయి, టార్పాలిన్ నడుమ చెరువు. కిందనుంచి చీపురుకర్రతో పొడిచాను. మంచు కదల్లేదు, కర్ర మాత్రం పైకి వెళ్లింది. కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాడు కూర్చునే గుంటలో, నాకు జరిగిన అభిషేకం గురించి ఇక్కడ చెప్పను. రెండో ఏడు చెక్కలు, వాటిని కొయ్యడానికి రంపం, 520. చెక్క మూలలు గాలికి టార్పాలిన్‌ని కొరికేశాయి. మూడో ఏడు మందం పట్టా, ఇనప గొట్టాలు, టెన్నిస్ బంతులు. బంతికి గాటు పెట్టి, రెయిలింగ్ గుంజల నెత్తిన టోపీల్లా తొడగాలి, పట్టా చిరక్కుండా. అక్కడ 690. అంటే మూడేళ్లలో 1320 డాలర్లు మిగిల్చుకోవడానికి అయిన ఖర్చు 1400 మాత్రమే.

పోయిన వేసవి పడవ మీద ఏడుసార్లు వెళ్లాను. పందిరికి పట్టిన ఆదివారాలు తొమ్మిది.

ఇక గ్యారేజీ. వేసవిలో అందులో పందిరి చెక్కలుంటాయి. చలికాలం చెక్కలు పడవ మీదికి పోతాయి కాబట్టి తెరచాపలు, పరుపులు, చుక్కాని, మోటారు వచ్చి చేరతాయి. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే కారు మాత్రం ఏడాది పొడుగునా ఆకాశం కిందే. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతూ మా ఆవిడ నావైపు చూసే చూపుకి ఆ మంచు దానంతటదే కరగాలి నిజానికి.

అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను.

"కోతలప్పుడు తుఫానొస్తే అద్దెకైనా బరకాలు తెచ్చి ధాన్యం కప్పుకుంటాంరా. అది తింటాం. దీన్నేం చేసుకుంటావు?" అన్నారు. కాసేపు చూసి, "ఒరేయ్, నిట్రాడేదిరా?" అని అడిగారు.

నాలుగో ఏడు ఆయన చెప్పినట్టే నడుమ నిట్రాళ్లు నిలబెట్టాను. దించిన తెరచాప కొయ్యనే వాటి మీద దూలంగా పడుకోబెట్టి, రెండు పక్కలా వాసాలు ఏటవాలుగా దించాను. పట్టా తాళ్లని పడవ పొట్ట కిందుగా ఒక పక్కనుంచి రెండో పక్కకి లాగి కట్టాను. ఇది మాత్రం వెటకారం కాదు: తాడు జాక్ స్టాండుకి ఎప్పుడూ కట్టకండి. గాలికి పట్టా తెరచాపలా ఉబ్బి స్టాండుని లాగేస్తే పడవ నేలపాలే.

ఈసారి మంచు నిలవలేదు. ఒక్క చారిక లేకుండా జర్రున జారింది. జారి, పక్క పడవ మీద పడింది. వాళ్ల పట్టా నడుమ ఇప్పుడు చెరువు. ఆయన టేపు తెచ్చి నా చూరు ఎంతవరకూ వచ్చిందో కొలుస్తున్నాడు.

నాన్నకి మళ్లీ ఫోన్ చేశాను.

"చూరునీళ్ల తగాదానా?" అన్నారు, గొంతులో ఎన్నడూ లేని హుషారుతో. "ఉండు, కుర్చీ వేసుకుని కూర్చోనీ. మొదట్నుంచి చెప్పు."